రోగి చరిత్ర ఎవరి కొరకు?

వైద్యుల దస్తూరిని గురించిన పరిహాసములు మన ఇండ్లలో తరతరాలుగా ఉన్నవే. డాక్టరుగారు వ్రాసిన చీటీని డాక్టరుగారే చదువలేరనీ, మందుల దుకాణములోని గుమాస్తా ఒక్కడే చదువగలడనీ నవ్వుకుంటాము. ఇప్పుడు అనేక ఆసుపత్రులలో ఆ చీటీ పోయి కంప్యూటరు తెర వచ్చినది. అక్షరములు అచ్చు గ్రుద్దినట్లున్నవి. చదువరాని మాట ఒక్కటి లేదు. అయినను, కొన్ని మాసముల క్రిందట మా పెద్దన్నగారిని ఒక పట్టణములోని ఆసుపత్రికి తీసుకొని పోయినప్పుడు నేను చూచినది వేరు. డాక్టరుగారు అన్నగారి ముఖము చూచిన సమయము కంటె తెరను చూచిన సమయమే ఎక్కువ. ఒక గడి నింపితే మరియొక గడి వచ్చేది. దానిని నింపనిదే ముందుకు పోనిచ్చేది కాదు. బయటకు వచ్చిన తరువాత అన్నగారు, "జబ్బు నాకా, ఆ పెట్టెకా?" అని అడిగినారు.

ఆ డాక్టరుగారిని తప్పు పట్టుటకు నాకు మనసొప్పలేదు. ఆయన నుదుటి మీద చెమట నేను చూచినాను. ఆ యంత్రమును కల్పించినవారు ఆయనను ఎన్నడైనా అడిగినారా, ఆయన గదిలో ఒక పూట అయినా కూర్చున్నారా అన్న ప్రశ్న మాత్రము నన్ను వదలలేదు. ఆ ప్రశ్నకు ఒక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రలో అధిక భాగము అమెరికాలో నడచినది. కనుక ముందు అక్కడికి పోవలె.

ఇరువదవ శతాబ్దము ఆరంభములో మిన్నెసోటా రాష్ట్రములోని రోచెస్టరు అను చిన్న పట్టణములో మేయో సోదరుల వైద్యశాల ప్రసిద్ధికెక్కుతున్నది. అక్కడి ప్రతి వైద్యునికీ ఒక పెద్ద చిట్టా పుస్తకము ఉండేది. నేడు వచ్చిన రోగుల వివరములన్నీ వరుసగా అందులో ఎక్కేవి. రోగి ఆరు నెలల తరువాత మరల వచ్చి ఇంకొక వైద్యుని చూస్తే, ఆ వివరము ఆ వైద్యుని పుస్తకములో ఎక్కేది. అంటే రోగి ఒక్కడే, అతని చరిత్ర మాత్రము నాలుగు పుస్తకములలో ముక్కలై ఉండేది. హెన్రీ ప్లమ్మర్ అను వైద్యుడు 1907లో ఈ పద్ధతిని తలక్రిందులు చేసినాడు. ప్రతి రోగికీ ఒక సంఖ్య, ఆ సంఖ్య గల ఒకే ఒక సంచిక. ఎవరు చూచినా, ఎప్పుడు చూచినా, కాగితమంతా అందులోనే చేరవలె. ఆ సంచికలు ఒక గది నుండి మరియొక గదికి త్వరగా చేరుటకు ఎత్తుడు యంత్రములను, గాలి గొట్టములను కూడ ఆయన కట్టడములోనే అమర్పించినాడు. కాగితము వైద్యుని చేతికి ఎంత వేగముగా అందవలెనో ముందు ఆలోచించి, గోడలు తరువాత కట్టించినాడని చెప్పవచ్చును.

నేడు మనము ఆసుపత్రిలో చూచే కేస్ షీటుకు మూలపురుషుడు ఈ సంచికయే. తరువాత అర్ధశతాబ్ది కాలము ఇది ప్రపంచమంతట వ్యాపించినది. అయితే సంచిక ఒక్కటైనను లోపలి వ్రాత మాత్రము ఎవరి ఇష్టము వారిది. ఒక పుట మీద నాడి, మరియొక పుట మీద రక్తపరీక్ష, ఇంకొక పుట మీద నర్సు వ్రాసిన మాట. రోగి బాధ ఏమి, వైద్యుని ఊహ ఏమి, చేయదలచినది ఏమి అన్నవి కలగలిసి ఉండేవి.

ఈ గందరగోళమును చూచి సహింపలేకపోయినవాడు లారెన్స్ వీడ్. ఆయన వైద్యుడే గాక ప్రయోగశాలలో పరిశోధన చేసినవాడు. ప్రయోగశాలలో తన నోటు పుస్తకము ఎంత క్రమముగా ఉండవలెనో ఆయనకు తెలియును. అక్కడ ఒక అంకె తప్పితే ప్రయోగమంతా వ్యర్థము. వార్డులోనికి వచ్చి చూస్తే మనుష్య ప్రాణములకు సంబంధించిన వ్రాతలో ఆ క్రమము లేదు. 1956లో మెయిన్ రాష్ట్రములోని బాంగరు పట్టణపు ఆసుపత్రిలో యువవైద్యులకు శిక్షణ ఇచ్చు బాధ్యత ఆయనకు వచ్చినది. అక్కడనే ఆయన కొత్త పద్ధతికి పునాది వేసినాడు. సంచిక మొదటి పుటలో రోగి సమస్యలన్నిటికీ అంకెలు వేసి జాబితా వ్రాయవలె. తరువాత వ్రాసే ప్రతి మాటా ఏ సమస్యకు సంబంధించినదో ఆ అంకె క్రిందనే వ్రాయవలె. ఆ మాటనైనా నాలుగు భాగములుగా విడగొట్టవలె: రోగి చెప్పినది, వైద్యుడు కనుగొన్నది, వైద్యుని నిర్ణయము, చేయదలచిన పని. 1968లో న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ఆయన వ్యాసము వెలువడిన తరువాత ఈ పద్ధతి వైద్య కళాశాలలన్నిటికీ ప్రాకినది. ఆ నాలుగు భాగముల ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరములు కలిపితే 'సోప్' అను మాట వచ్చును. మన విశాఖపట్టణములోగాని, వరంగల్లులోగాని వైద్యము చదివే విద్యార్థులు నేటికీ నేర్చుకొనే 'సోప్ నోటు' ఇదే.

వీడ్ అక్కడితో ఆగలేదు. ఇంత క్రమమును మనిషి చేతితో, మనిషి జ్ఞాపకముతో నిలుపలేడు, యంత్రము కావలెనని ఆయన నమ్మినాడు. 1969లో వెర్మాంట్ విశ్వవిద్యాలయమునకు వచ్చి, బర్లింగ్టన్ పట్టణపు ఆసుపత్రిలో 'ప్రామిస్' అను కంప్యూటరు వ్యవస్థను నిర్మింపజేసినాడు. 1970ల మొదటి సంవత్సరములలోనే ఒక స్త్రీవైద్య వార్డులో కాగితము లేకుండ రోగి చరిత్రను నడిపిన ప్రయత్నమిది. ఈనాడు మన చేతిలోని ఫోనును వ్రేలితో తాకి పని జరిపించుకొంటున్నాము గదా, ఆ విద్యను వీడ్ ఆనాడే వైద్యునికి ఇచ్చినాడు. తెర మీద కొన్ని మాటలు కనబడేవి. కావలసిన మాటను వ్రేలితో తాకితే తరువాతి మాటలు వచ్చేవి. టైపు కొట్టుట రాని వైద్యుడు కూడ పని చేసుకొనగలడు. తాకిన తరువాత పావు సెకనులో తెర మారవలెనన్నది ఆ నిర్మాతలు పెట్టుకొన్న నియమము. ఎన్నిసార్లు తాకినా చాలవరకు ఆ వేగము దక్కవలెనని వారు శ్రమించినారు. మనిషి ఆలోచన నడిచే వేగమునకు యంత్రము అడ్డుపడకూడదన్నది వారి ఉద్దేశ్యము. ఈనాటి కొన్ని ఆసుపత్రుల తెరలు మారుటకు పట్టు కాలమును చూచినవారికి ఆ పావు సెకను మాట నమ్మశక్యము కాదు.

అయినను ప్రామిస్ నిలువలేదు. కారణము విచారింపదగినది. ఆ వ్యవస్థను నర్సులు, మందులు కూర్చేవారు వైద్యుల కన్న బాగుగా ఆదరించినారు. అనేకమంది వైద్యులకు మాత్రము అది ఊపిరాడనిచ్చేది కాదు. ఏ మాట తరువాత ఏ మాట రావలెనో యంత్రము ముందే నిర్ణయించినది. వైద్యుడు ఒక్క చూపులో గ్రహించిన దానిని యంత్రము పది మెట్లుగా ఎక్కించేది. వీడ్ దృష్టిలో అదే దాని గుణము, వైద్యుని దృష్టిలో అదే దాని దోషము. నాకు తోచినది చెప్పవలెనంటే ఇద్దరిదీ నిజమే. తన జ్ఞాపకము మీద మితిమీరిన నమ్మకము ఉంచుకొన్న వైద్యునికి ఒక క్రమశిక్షణ అవసరము. కాని ఆ శిక్షణ ఇచ్చేవాడు తనతోపాటు నడవవలె గాని, ముందు నిలిచి ద్వారము మూయరాదు. 1980ల తొలి సంవత్సరములలో ప్రభుత్వ ధనసహాయము ఆగిపోయి, ప్రామిస్ చరిత్రలో కలిసినది. వీడ్ తన పట్టుదల విడువలేదు. 2017లో 93 ఏండ్ల వయసులో మరణించే వరకు ఈ మాటలే చెప్పుతూ వచ్చినాడు.

వైద్యులు యంత్రమును ఎదిరించిన ప్రతిసారీ వారిదే న్యాయమని కూడ చెప్పలేము. కాలిఫోర్నియాలో ఎల్ కమీనో అను ఆసుపత్రిలో 1971లో ఒక వ్యవస్థను ప్రవేశపెట్టినారు. దానిని మొదట రూపొందించినది విమానములు, క్షిపణులు తయారుచేసే లాక్‌హీడ్ సంస్థ ఇంజనీర్లు. వెలుగు కలమును తెర మీది మాటకు ఆనించి మందులు, పరీక్షలు ఆజ్ఞాపించవలె. అక్కడి వైద్యులు మొదటి సంవత్సరములలో గట్టిగా ఎదిరించినారు. తరువాత, వారు అడిగిన మార్పులు చేయుచు రాగా, చాలమంది అలవాటుపడి దానితోనే పని చేసినారు. అలవాటుకు సమయము పట్టును. ఆ సమయములో అడిగిన మార్పు చేసేవాడు ప్రక్కన ఉన్నాడా లేడా అన్నదే వ్యత్యాసము.

యంత్రము వైద్యునికి నిజముగా మేలు చేయునని అంకెలతో చూపినవాడు ఇండియానాపోలిస్ నగరములోని క్లెమెంట్ మెక్‌డొనాల్డ్. రోగి సంచికలోని వివరములను కంప్యూటరు చదివి, "ఈ మందు వాడుతున్నవారికి ఈ పరీక్ష చేయవలసి ఉన్నది" వంటి హెచ్చరికలను కాగితము మీద ముద్రించి వైద్యునికి ఇచ్చేది. 1976లో ఆయన ప్రకటించిన ఫలితము ఇది: హెచ్చరిక ఉన్నప్పుడు నూటికి 51 సందర్భములలో వైద్యులు తగిన చర్య తీసుకొన్నారు, లేనప్పుడు 22 సందర్భములలోనే. వైద్యుడు అజ్ఞాని కాదు, పని ఒత్తిడిలో మనిషికి అన్నీ గుర్తుండవు అని ఆయన తేల్చినాడు. ఈ హెచ్చరికల ముచ్చట మరల ఒకచోట వచ్చును. శ్రోతలు గుర్తుంచుకొందురు గాక.

ఇక ఈ చరిత్రలో నాకు అన్నిటికన్న ఇష్టమైన అధ్యాయమునకు వస్తాను. అమెరికాలో సైన్యము నుండి విరమించినవారికి వైద్యము చేయుటకు ఒక ప్రభుత్వ శాఖ ఉన్నది. దేశమంతట వందకు మించిన ఆసుపత్రులు దానికి కలవు. 1970ల చివర ఆ శాఖ కేంద్ర కార్యాలయములోని కంప్యూటరు విభాగము, సమస్తము తన పెద్ద యంత్రముల మీదనే జరుగవలెనని పట్టుపట్టేది. ఒక ఆసుపత్రి చిన్న కార్యక్రమము కోరితే సంవత్సరములు గడచేవి. అప్పుడు ఆ శాఖలోనే కొందరు ప్రోగ్రామర్లు వేరు దారి పట్టినారు. వారు చిన్న కంప్యూటర్లను ఆసుపత్రులలోనే పెట్టి, వైద్యుల ప్రక్కన కూర్చొని పని మొదలుపెట్టినారు. వైద్యుడు "నాకు ఇది కావలె" అంటే, కొద్ది రోజులలో చేసి చూపేవారు. "ఇట్లు కాదు" అంటే మరల దిద్దేవారు. బోస్టను నగరపు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1960లలో పుట్టిన 'మంప్స్' అను కంప్యూటరు భాష వారి ఆయుధము. ఆసుపత్రి అవసరముల కొరకే ఆసుపత్రిలోనే పుట్టిన భాష అది. పేరు మాత్రము గవదబిళ్ళల వ్యాధి పేరు. నవ్వు రాక తప్పదు.

కేంద్ర విభాగమునకు ఇది ధిక్కారముగా కనబడినది. 1979 ప్రాంతమున ఆ ప్రోగ్రామర్లలో కొందరిని ఉద్యోగముల నుండి తొలగించినారు, కొన్ని ఆసుపత్రుల నుండి యంత్రములను తీయించినారు. అయినను పని ఆగలేదు. కొందరు వైద్యులు, ప్రోగ్రామర్లు తమలో తాము వ్రాసుకొన్న కార్యక్రమములను ఒక ఆసుపత్రి నుండి మరియొక ఆసుపత్రికి గుట్టుగా చేరవేసుకొన్నారు. పూర్వము బానిసలను స్వతంత్ర ప్రాంతములకు చేర్చిన రహస్య మార్గమునకు అమెరికాలో 'భూగర్భ రైలుదారి' అను పేరు ఉండేది. వీరు తమ పనికి ఆ పేరే పెట్టుకొన్నారు. తుదకు 1982లో ఆ శాఖ ఉన్నతాధికారులు ఒక ఆసుపత్రిలో ఈ వ్యవస్థ పని చేయుట కండ్లార చూచి, దానికి ఆమోదము తెలిపినారు. దొంగచాటుగా పెరిగిన బిడ్డ ఇంటిపేరు సంపాదించుకొన్నది. తరువాత దానికి 'విస్టా' అని నామకరణము జరిగినది. 1990ల నడుమ కాలము తరువాత వైద్యుల కొరకు చిత్రములతో, గడులతో కూడిన తెర కూడ వచ్చినది. 2006లో ప్రభుత్వ పాలనలో నవ్యతకు హార్వర్డు విశ్వవిద్యాలయము వారు ఇచ్చే బహుమానము దానికి లభించినది.

ఈ అధ్యాయములోనే ఒక నర్సు కథ కూడ ఉన్నది. కాన్సాస్ రాష్ట్రములోని టొపీకా పట్టణపు ఆసుపత్రిలో స్యూ కినిక్ అను నర్సు పని చేసేది. 1992లో ఆమె ప్రయాణములో అద్దెకారును తిరిగి అప్పగించుచుండగా, అక్కడి ఉద్యోగి చేతిలోని చిన్న పనిముట్టును కారు మీది చారల గుర్తుకు చూపి, క్షణములో లెక్క తేల్చినాడు. కారుకు చేయగలిగినది రోగికి ఎందుకు చేయరాదు అని ఆమెకు తోచినది. రోగి మణికట్టు పట్టీ మీద ఒక చారల గుర్తు, మందు పొట్లము మీద ఒక గుర్తు. రెండును సరిపడితేనే మందు ఇవ్వవలె. ఆమె ఆసుపత్రిలోనే దీనిని అమలు చేసి చూపినారు. తరువాత ఆ శాఖ ఆసుపత్రులన్నిటికీ విస్తరించినారు. ఈ ఆలోచన ఏ ఉన్నతాధికారికీ వచ్చినది కాదు. రాత్రివేళ మందుల బల్లను నెట్టుకొంటూ మంచము నుండి మంచమునకు తిరిగే మనిషికి వచ్చినది.

ఇంతవరకు మంచి కథ. ఇక దారి మలుపు తిరిగినది.

అమెరికాలో వైద్యమునకు డబ్బు చెల్లించేది చాలవరకు బీమా సంస్థలు, ప్రభుత్వము. వైద్యుడు ఏమి చేసినాడో వ్రాసి చూపనిదే డబ్బు రాదు. కనుక క్రమముగా రోగి చరిత్ర, రోగి కొరకు గాక లెక్కల గుమాస్తా కొరకు పెరుగసాగినది. పెద్ద పెద్ద కంపెనీలు అమ్మిన వ్యవస్థలలో అనేకము వసూళ్ళ లెక్కలను ముందు ఉంచుకొని, వైద్యుని తెరను వాటికి అతికించినవే. 2002 చివర లాస్ ఏంజెల్స్ నగరములోని సీడార్స్-సైనాయ్ అను ప్రసిద్ధ వైద్యశాలలో కొత్త వ్యవస్థను పెట్టినారు. పూర్వము ఒక నిమిషములో వ్రాసే ఆజ్ఞకు ఇప్పుడు అనేక నిమిషములు పట్టుచున్నదని వైద్యులు వందల సంఖ్యలో మొరపెట్టినారు. సుమారు 3 మాసములకే, 2003 జనవరిలో, దానిని నిలిపివేయక తప్పలేదు. ఈ దృష్టాంతము నుండి నేర్చుకొన్నవారు తక్కువ. 2009లో అమెరికా ప్రభుత్వము చట్టము చేసి, ఎలక్ట్రానిక్ రికార్డులు పెట్టుకొన్న ఆసుపత్రులకు, వైద్యులకు వేలకోట్ల డాలర్ల ప్రోత్సాహకము ప్రకటించినది. 2008లో నూటికి 9 ఆసుపత్రులలో ఉన్న ఎలక్ట్రానిక్ రికార్డు 2015 నాటికి 84 ఆసుపత్రులకు వ్యాపించినది. ఇంత తొందరలో కొన్నప్పుడు కొనేవాడు అధికారి, అమ్మేవాడు వ్యాపారి. వాడవలసినవాడు మాత్రము వార్డులో ఉన్నాడు.

ఫలితమును కొలిచినవారు కూడ ఉన్నారు. 2016లో ప్రచురించిన ఒక పరిశీలనలో 57 మంది వైద్యుల వెంట నిలిచి 430 గంటల సేపు గడియారము పట్టుకొని చూచినారు. రోగితో ముఖాముఖి గడిపిన ప్రతి గంటకు, సుమారు 2 గంటలు కంప్యూటరుకు, బల్లపనికి పోవుచున్నవి. అదిగాక రాత్రి ఇంటికి పోయి, పిల్లలు నిద్రించిన తరువాత మరల గంట, రెండు గంటలు తెర ముందు కూర్చుంటున్నారు. ఇంకొక కొలత మరింత ముచ్చటగా ఉన్నది. ఒక యంత్రము వాడుకకు ఎంత అనుకూలమో తెలుసుకొనుటకు 1986లో జాన్ బ్రూక్ అను ఇంగ్లండు నిపుణుడు పది ప్రశ్నల పట్టిక కూర్చినాడు. నూటికి మార్కులు వేస్తారు. దానిని 870 మంది అమెరికను వైద్యులకు ఇచ్చి, వారి రికార్డు వ్యవస్థకు మార్కులు వేయమన్నారు. సగటున 45.9 మార్కులు వచ్చినవి. అంటే పరీక్ష తప్పినట్లే. ఇదే కొలతతో ఇతరులు కొలిచినప్పుడు గూగుల్ వెతుకులాటకు 93, లెక్కలు వేసుకొనే ఎక్సెల్‌కు 57 వచ్చినవి. ఈ ఫలితము వెలువడినది మేయో వైద్యశాల పత్రికలో. గాలి గొట్టములో సంచికలు పరుగెత్తించిన ప్లమ్మర్ పనిచేసిన చోటు అది!

మార్కులు తక్కువ వచ్చినంత మాత్రమున ఏమి నష్టమని ఎవరైనా అడుగవచ్చును. శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వైద్యశాలలో 2013 జూలైలో జరిగిన సంఘటన వినవలె. అక్కడి ఆచార్యుడు రాబర్ట్ వాక్టర్, ఆసుపత్రి అనుమతితోనే, 2015లో తాను వెలువరించిన 'ద డిజిటల్ డాక్టర్' అను గ్రంథములో దీనిని పూసగ్రుచ్చినట్లు వ్రాసినాడు. 16 ఏండ్ల బాలుడు ఒక పరీక్ష కొరకు ఆసుపత్రిలో చేరినాడు. ఇంటివద్ద వాడే మందు ఒకటి ఆసుపత్రిలో కూడ కొనసాగవలె. పూటకు ఒక మాత్ర. ఆ మాత్రలో ముఖ్య ఔషధము 160 మిల్లీగ్రాములు. బాలుని బరువు 40 కిలోలకు లోపు కనుక, యంత్రపు నియమము ప్రకారము, మోతాదును కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని వ్రాయవలె. యంత్రము ఆ విధముగా లెక్క కట్టగా మాత్రకు సరిపడని అంకె వచ్చినది. సరిచేయమని మందుల నిపుణుడు వైద్యురాలికి కబురు పంపినాడు. ఆమె 160 అని వేసినది. ఆమె మనసులో ఉన్నది 160 మిల్లీగ్రాములు. తెర మీద ఆ గడి ప్రక్కన అంతకు ముందు నుండియే ఉన్నది 'కిలోకు మిల్లీగ్రాములు'. యంత్రము 160ని బాలుని బరువుతో హెచ్చవేసి, పూటకు 38న్నర మాత్రలని తేల్చినది.

యంత్రము హెచ్చరింపలేదా? హెచ్చరించినది. వైద్యురాలికి హెచ్చరిక వచ్చినది, మందుల నిపుణునికీ వచ్చినది. ఇద్దరును ఒక మీట నొక్కి దానిని ప్రక్కకు నెట్టినారు. ఆ ఆసుపత్రిలో నెలకు సుమారు 3 లక్షల 50 వేల మందుల ఆజ్ఞలు నడచేవి. వానిలో దాదాపు సగమునకు మందుల నిపుణులకు ఏదో ఒక హెచ్చరిక వచ్చేది. ఊరంతా గంటలు మ్రోగుతుంటే నిప్పు ఎక్కడ అంటుకొన్నదో ఎవరికి తెలియును? మెక్‌డొనాల్డ్ ఒక కాగితము మీద ముద్రించి ఇచ్చిన హెచ్చరికకూ దీనికీ ఎంత దూరము! మాత్రలను పొట్లము కట్టినది ఒక మరమనిషి. దానికి సందేహము రాదు. వార్డులోని నర్సుకు సందేహము వచ్చినది. కాని ఆమె చేతిలోని పనిముట్టును పొట్లము మీది చారల గుర్తుకు చూపితే, 38న్నర మాత్రలు సరియే అని అది ధ్రువపరచినది. స్యూ కినిక్ కనిపెట్టిన పద్ధతి తన పని తాను తప్పక చేసినది. ఆజ్ఞలోనే తప్పు ఉన్నప్పుడు అది ఏమి చేయగలదు? బాలుడు ఆ మాత్రలన్నీ మ్రింగినాడు. కొన్ని గంటలకు మూర్ఛ వచ్చినది. ప్రాణము దక్కినది. ఒక చిన్న గడి, దాని ప్రక్కన సన్నని అక్షరములలో ఒక కొలమానము. అంతకు మించి ఏమీ లేదు.

విరమించిన సైనికుల శాఖ కథకు ముగింపు కూడ చెప్పవలసి ఉన్నది. విస్టా వృద్ధాప్యమునకు వచ్చినదని, దాని భాష నేర్చినవారు అరుదైనారని, సైన్యపు రికార్డులతో కలియదని కారణములు చెప్పి, 2018లో ఆ శాఖ ఒక పెద్ద కంపెనీతో సుమారు 1,000 కోట్ల డాలర్ల ఒప్పందము చేసుకొన్నది. ఆ కారణములు అబద్ధములు కావు. కొత్త వ్యవస్థ 2020 అక్టోబరులో వాషింగ్టన్ రాష్ట్రములోని స్పోకేన్ పట్టణములో మొదలైనది. వైద్యులు వ్రాసిన ఆజ్ఞలలో చేరవలసిన స్థలము యంత్రమునకు గుర్తు తెలియనివి, ఎవరికీ కనబడని ఒక మూలకు పోయి చేరసాగినవి. ఆజ్ఞ ఇచ్చిన వైద్యునికి, అది చేరలేదన్న సంగతి తెలుపు సాధనము లేదు. 2022లో ఆ శాఖ తనిఖీ అధికారి ప్రకటించిన నివేదిక ప్రకారము అట్లు మూలబడినవి 11,000కు పైగా. వాటి మూలమున హాని పొందినవారు 149 మంది. 2023 ఏప్రిల్‌లో విస్తరణ నిలిపివేసినారు. 2024 చివర మరల సాగించదలచినట్లు ప్రకటించినారు. వైద్యుని ప్రక్కన కూర్చొని వ్రాసిన వ్యవస్థ నలుబది ఏండ్లు నడచినది. దానికి వారసుని తెచ్చునప్పుడు ఆ కుర్చీని గుర్తుంచుకొనలేదని నా అభిప్రాయము.

మన దేశపు సంగతి వేరు తీరు. 2017లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారము ఇక్కడ ప్రాథమిక వైద్యమున రోగికి దక్కే సమయము సుమారు 2 నిమిషములు. స్వీడనులో అది 22 నిమిషములకు పైన. ఆ రెండు నిమిషములలో గడులు నింపించుట ఎట్లు? కేంద్ర ప్రభుత్వము 2013లో ఎలక్ట్రానిక్ రికార్డులకు ప్రమాణములు ప్రకటించి 2016లో సవరించినది. 2021 సెప్టెంబరులో దేశమంతటికి డిజిటల్ ఆరోగ్య కార్యక్రమమును ప్రారంభించి, పౌరునికి 14 అంకెల సంఖ్య ఇచ్చు ఏర్పాటు చేసినది. ప్లమ్మర్ ఒక ఆసుపత్రిలో చేసినదానిని దేశమంతట చేయుట అన్నమాట. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఇంతకు ముందే, 2010లో, తన వైద్యుల చేతనే రూపకల్పన చేయించుకొని 'ఐస్మార్ట్' అను వ్యవస్థను నడుపసాగినది. గ్రామములలోని కంటి కేంద్రముల దాకా దానిని విస్తరించి, ఎనిమిదేండ్లలో 22 లక్షలకు పైగా రోగుల చరిత్రలను అందులో చేర్చినారు. కంటి వైద్యము ఒక్కటే గనుక గడులు తక్కువ, వ్రాసేదేమో వాడేవారికి తెలియును. సర్వరోగములకు ఒకే తెర కల్పించుట అంత సులభము కాదు.

తెలుగువారికి ఈ చరిత్రతో ఇంకొక సంబంధము కూడ ఉన్నది. 2000 ప్రాంతములో హైదరాబాదు అమీర్‌పేట వీధులలో 'మెడికల్ ట్రాన్‌స్క్రిప్షన్' నేర్పు సంస్థల బోర్డులు వరుసగా వేలాడేవి. అమెరికా వైద్యుడు పగలు యంత్రములో చెప్పిన మాటలు రాత్రికి ఇక్కడకు చేరేవి. డిగ్రీ ముగించిన పిల్లలు చెవులకు యంత్రములు తగిలించుకొని, ఆ యాస పట్టుకొని, ఏ ఎముక పేరు ఎట్లు వ్రాయవలెనో నేర్చుకొని, తెల్లవారేసరికి టైపు చేసి పంపేవారు. ఆ వైద్యునికి గడులు లేవు. నోటితో చెప్పితే చాలును. తరువాత తెర వచ్చి, వైద్యుని చేతనే టైపు చేయించినది. ఆ భారము మోయలేక అమెరికాలో ఇప్పుడు అనేక వైద్యశాలలు వైద్యుని ప్రక్కన లేఖకుని కూర్చుండబెట్టినవి. కొందరు లేఖకులు ఆ గదిలో ఉండరు. వేల మైళ్ళ దూరాన, మన దేశపు నగరములలోనే కూర్చొని, రోగి దగ్గును, వైద్యుని ప్రశ్నను విని, ఆ గడులను తాము నింపుతారు. 2023 నుండి ఆ పనికి కూడ మాటలు విని వ్రాసే యంత్రములు వచ్చుచున్నవి. మా అన్నగారు మరల పరీక్షకు పోవలసినది వచ్చే నెల. ఆ డాక్టరుగారి గదిలో అప్పటికి ఏ యంత్రము ఉండునో చూడవలె.